తిరిగి వచ్చే దారి

పోయిన నెల మా కాలేజీలో వీడ్కోలు సభ ఒకటి జరిగింది. మామూలుగా జరిగే ముచ్చట్లన్నీ జరిగాయి. శాలువా కప్పారు. గంధపు దండ వేశారు. ప్రిన్సిపాల్‌గారు నాలుగు మంచిమాటలు సెలవిచ్చారు. స్టాఫ్ క్లబ్బువారు గోడగడియారం బహూకరించారు. ఇకమీదట టైము చూసుకోవలసిన అవసరం లేని మనిషికి గడియారమే యెందుకిస్తారో నాకు బోధపడదు గాని, అది మన ఆచారం.

సన్మానం పొందిన ఆయన మా ఆఫీసు గుమాస్తా. వయస్సు నిండి వెళ్ళిపోలేదు. ఇంకా ఏడేళ్ళ సర్వీసు వుండగా తానే కాగితం పెట్టుకుని వెళ్ళిపోయారు. సభ ముగిశాక మిక్చరు పొట్లం చేతబట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నారు. "నడుం యెలా వుందండీ?" అని మాటవరసకు అడిగాను.

"నడుం నొప్పి మూడు వారాల్లోనే తగ్గిపోయింది, మాస్టారూ. ఆఫీసుకు రావాలంటే పట్టుకున్న భయమే యిప్పటికీ తగ్గలేదు" అన్నారాయన.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుచేతనంటే, ఆ భయం పుట్టి పెరగడంలో నా వంతు కూడా కొంత వున్నది.

తెలుగు మేష్టరుకు మనస్సు బాగులేకపోతే నిఘంటువు తిరగేయడం ఒక అలవాటు. 'సెలవు' అన్నది చిత్రమైన మాట సుమండీ. పెద్దలు మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. అంటే ఆజ్ఞ. బడికి పోనక్కరలేకపోతే సెలవు. అంటే అనుమతి. వెళ్ళేటప్పుడు 'ఇక సెలవు' అంటాం. అంటే వీడ్కోలు. ఇవిగాక పాత తెలుగులో సెలవు అంటే ఖర్చు అనే అర్థం కూడా వుంది. పొరుగున తమిళులు నేటికీ ఆ అర్థంలోనే వాడుతున్నారు. ఒళ్ళు బాగులేక పెట్టే సెలవులో యీ అర్థాలన్నీ వరసగా కనిపిస్తాయి. మొదట అది డాక్టరు ఆజ్ఞ. తరవాత ఆఫీసు అనుమతి. నెల దాటేసరికి ఖర్చు. అప్పటికీ యెవరూ పట్టించుకోకపోతే, అదే వీడ్కోలు.

మా గుమాస్తాగారి విషయంలో అదే జరిగింది. పాత హాజరుపట్టీల కట్ట ఒకటి బీరువా మీదనుంచి దింపుతుండగా ఆయనకు నడుం పట్టేసింది. డాక్టరు పరీక్షించి ఎముకకు గాని నరానికి గాని ప్రమాదం లేదన్నారు. పదిరోజులు సెలవు రాసిచ్చారు. ఆ పదీ యిరవై అయింది. ఇరవై నలభై అయింది. నాలుగో నెలలో స్వచ్ఛంద పదవీవిరమణ కాగితంగా తేలింది.

ఈలోగా కాలేజీ నుంచి ఒక్కరూ వెళ్ళి ఆయన్ను పలకరించలేదు. పలకరించనివారు రెండు రకాలు. మొదటివారు మర్యాదస్థులు. "పాపం, రెస్టు తీసుకుంటున్నాడు, మనం వెళ్ళి ఎందుకు శ్రమ పెట్టడం?" అనుకున్నారు. రెండోవారు అనుమానస్థులు. "నడుం నొప్పి ఎక్స్‌రేలో కనపడదు గదా!" అని నవ్వుకున్నారు. నేను మొదటి రకం. అయితేనేం, మంచం మీద పడుకున్న మనిషికి యీ రెండు రకాలకూ తేడా ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలిసిందల్లా యెవరూ రాలేదని. కాలేజీ తరపున ఆయన యింటికి వెళ్ళింది ఒక్కటే. మెడికల్ సర్టిఫికెట్ ఫలానా తేదీలోగా పంపవలసిందంటూ ఒక మెమో.

ఇంట్లో మాత్రం ఆదరణకు లోటులేదు. అసలు చిక్కు అక్కడ కూడా వచ్చింది. "మీరు కదలకండి" అని భార్య. "మంచినీళ్ళు నేను తెస్తాను" అని కూతురు. చూడవచ్చిన చుట్టాలు, నడుం నొప్పితో మొదలై ఆపరేషన్లదాకా పోయినవారి చరిత్రలన్నీ కాఫీ తాగుతూ వినిపించారు. మొదటివారం హాయిగానే వుందట. రెండోవారం విసుగు. మూడోవారం సిగ్గు. అక్కడినుంచి భయం. తన బల్ల మీద యెవరో కూర్చున్నారనీ, కొత్తగా వచ్చిన కంప్యూటరు పద్ధతి అతనికి బాగా పట్టుబడిందనీ ఎవరిద్వారానో తెలిసింది. ఆపైన రోజులు గడుస్తున్నకొద్దీ ఆఫీసు గేటు దూరంగా జరిగిపోతున్నట్టనిపించిందట.

ఇంకొక మాట చెప్పారాయన. మూడోవారంలో కాస్త నడవబుద్ధేస్తే, తెల్లవారుజామున వీధిదీపాలు ఆరకముందే వెళ్ళి వచ్చేవారట. "పగలు నడిస్తే యెవరైనా చూస్తారు మాస్టారూ. బజారులో తిరగగలిగినవాడు ఆఫీసుకు రాడేం అంటారు" అన్నారు. ఒకసారి రైతుబజారులో నేను దూరాన కనబడితే పక్కసందులోకి తప్పుకున్నారట. అది విన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. బాగుపడుతున్న మనిషి ఆ సంగతి దొంగసొత్తులా దాచుకోవలసి వచ్చింది!

జబ్బు వేరు, సెలవు వేరు. జబ్బుకు మందు డాక్టరు యిస్తాడు. సెలవు ముదిరితే అదే రెండో జబ్బు అవుతుంది. దానికి మందు మొదటి రెండు మూడు వారాల్లోనే పడాలి. ఆ మందు ఖరీదైనది కాదు. మందులషాపులో దొరకదు, అంతే.

ఇది నేను కనిపెట్టిన సత్యం కాదు. లండనులో రిచర్డ్ యాషర్ అనే వైద్యుడు 1947లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మంచం ఎక్కడంలోని ప్రమాదాలను గురించి ఒక వ్యాసం రాశాడు. పడుకున్నకొద్దీ కండరాలు, కీళ్ళు, ఎముకలు, రక్తప్రసారం, చివరకు మనస్సూ ఎలా చెడతాయో ఒక్కొక్కటే వివరించాడు. ఆ రోజుల్లో విశ్రాంతి అంటే సర్వరోగ నివారిణి. అప్పుడు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

తరవాత 1995లో ఫిన్లాండు దేశపు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. హెల్సింకి నగర ఉద్యోగుల్లో కొత్తగా నడుం నొప్పి పట్టిన 186 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగంవారికి రెండురోజులు పూర్తిగా పడక. రెండోవారికి నడుం వ్యాయామాలు. మూడోవారికి, నొప్పి ఓర్చుకోగలిగినంతవరకు రోజూ చేసుకునే పనులు చేసుకుంటూ వుండమని సలహా. ఎవరు ముందు తేరుకున్నారంటారు? ఆ మూడోవారే. నొప్పి వున్న రోజులూ వారికే తక్కువ, పనికి రాని రోజులూ వారికే తక్కువ. అందరికంటె ఆలస్యంగా తేరుకున్నది పడకవారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది మామూలుగా పట్టేసే నడుం నొప్పి మాట. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, జ్వరం తోడైనా, పడి దెబ్బ తగిలి వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. గుండెజబ్బు, ఆపరేషన్, క్షయ వంటివాటిలో ఎంత విశ్రాంతి అన్నది డాక్టరే నిర్ణయించాలి. ఈ వ్యాసం చదివి ఎవరూ మంచం మీది రోగిని లేపి ఆఫీసుకు తోలకండి!

కెనడాలో క్వెబెక్ రాష్ట్రంలోని షెర్‌బ్రూక్ ప్రాంతంలో జరిపి, 1997లో ప్రచురించిన మరో పరీక్ష యింకా ఆసక్తికరం. నడుం నొప్పితో నెలకు పైగా పనికి దూరమైనవారిలో కొందరికి మామూలు వైద్యమే చేయించారు. మరికొందరికి వైద్యంతో పాటు, వారు పనిచేసే చోటనే చిన్న సమావేశం ఏర్పాటు చేశారు. కార్మికుడు, పైఅధికారి, పనితీరు తెలిసిన నిపుణుడు కలిసి, ఏది ఎత్తవద్దు, ఏది ఎలా మార్చాలి అని అక్కడే చూసి మాట్లాడుకున్నారు. వైద్యమూ, యీ ఏర్పాటూ రెండూ అందినవారు మిగతావారికంటె రెండింతలకు పైగా త్వరగా తమ పాత పనిలోకి వచ్చారు. అందులో ఎక్కువ ఫలితం ఆ పనిచోటి ఏర్పాటువల్లనే వచ్చిందని కూడా తేలింది. చూశారూ! డాక్టరు నడుం చూశాడు. వీళ్ళు కుర్చీ చూశారు. రెండూ చూస్తే గాని మనిషి తిరిగి రాలేదు.

మన పద్ధతిలో వున్న లోపం యిదే. ప్రభుత్వోద్యోగి మెడికల్ సర్టిఫికెట్ మీద సెలవు పెడితే, ఆరోగ్యం కుదుటపడిందన్న సర్టిఫికెట్ చూపందే మళ్ళీ డ్యూటీలో చేరనివ్వరు. మంచి నియమమే. కాని దాని ప్రకారం మనిషికి రెండే అవస్థలు. నిన్న సాయంత్రం దాకా పూర్తిగా రోగి. ఈ ఉదయం పదిన్నరనుంచి పూర్తిగా ఆరోగ్యవంతుడు. ప్రపంచంలో ఏ జబ్బయినా అలా గంటకొట్టినట్టు వదులుతుందా? ఏనుగులా వచ్చి చీమలా పోతుందని గదా పెద్దలనేది. ఆ చీమ నడిచే రోజులకు మన కాగితాల్లో గడి లేదు. ఇంగ్లండులో 2010 ఏప్రిల్‌లో ఆ గడి పెట్టారు. అంతవరకు అక్కడి డాక్టర్లు పనికి రాదగునా, రాదగదా అనే చెప్పేవారు. ఆనాటినుంచి 'కొన్ని మార్పులు చేస్తే రావచ్చు' అని కూడా రాయవచ్చు. మెల్లమెల్లగా గంటలు పెంచడం, వేళలు మార్చడం, పని తేలిక చేయడం, పనిచేసే చోటు సరిచేయడం, యీ నాలుగింటిలో ఏది కావాలో గుర్తు పెడతారు.

మన ఆఫీసుల్లో అటువంటి గడి ఎప్పుడు వస్తుందో గాని, అందాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మా మేనకోడలు ఒక బ్యాంకులో పనిచేస్తున్నది. రెండేళ్ళక్రితం గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన నాలుగోరోజున వాళ్ళ మేనేజరమ్మగారు ఫోను చేసింది. నేను అక్కడే వున్నాను. ఫోను పెట్టాక మా అమ్మాయి ముఖం చూసి, "ఏమన్నదే ఆవిడ?" అని అడిగాను.

"ఎప్పుడొస్తావని అడగలేదు మామయ్యా. 'అన్నం సయిస్తున్నదా? ఇక్కడి పని మేం చూసుకుంటాం, మీ కౌంటరు మీకే వుంటుంది. మూడోవారంలో నేనే మళ్ళీ మాట్లాడతాను' అంది" అన్నది. అని గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నది.

మూడోవారంలో ఆవిడ అన్నట్టే ఫోను చేసింది. ఈసారి పది నిమిషాలు మాట్లాడింది. "డాక్టరు ఏమి చేయవద్దన్నారు? ఏమి చేయవచ్చన్నారు? మేము ఏం మార్చాలి?" అని మూడే ప్రశ్నలు. బరువులెత్తవద్దన్నారు గనక క్యాష్ పెట్టెల జోలి లేకుండా మొదటి నెల పాస్‌బుక్కుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అది స్నానాలగదికి దగ్గర. మెట్లెక్కే పని లేదు. చేరిన రోజున ఎదురుగా పేరుకున్న కాగితాల గుట్ట లేకుండా, ముందు రోజే ఇద్దరు పంచుకుని పూర్తి చేశారు. దీనికంతా బ్యాంకుకు అయిన ఖర్చు రెండు ఫోన్లు, ఒక కుర్చీ జరపడం. మా అమ్మాయి డాక్టరు చెప్పిన రోజుకే చేరింది. ఒక్కరోజు పొడిగించలేదు.

ఈ కథలో మనం నేర్చుకోదగినవి కొన్ని వున్నాయి. ఫోను త్వరగా రావాలి, మొదటివారంలోనే. చేసేవారు ఆ మనిషి నమ్మేవారై వుండాలి. తగాదా వున్న పైఅధికారి చేస్తే పుండు మీద కారమే. ఆ ఫోనులో 'ఎప్పుడొస్తారు' అన్నమాట రాకూడదు. 'ఏ జబ్బు' అని గుచ్చిగుచ్చి అడగకూడదు. 'మీరు లేక యిక్కడంతా తలకిందులైంది' అని కూడా అనవద్దు. వారిలో అపరాధభావం పుడుతుంది. 'మీరు లేకపోయినా బ్రహ్మాండంగా జరిగిపోతున్నది' అని అసలే అనవద్దు. ఆ మాటతో మనిషి కుప్పకూలిపోతాడు. 'మీ చోటు మీకుంది' అన్న ఒక్కమాట చాలు.

ఇంట్లోవారికి కూడా ఒక విన్నపం. ప్రేమకొద్దీ రోగి చేతిలోని పనులన్నీ లాగేసుకోకండి. డాక్టరు వద్దననివి వారినే చేసుకోనివ్వండి. రోజూ లేచే వేళకే లేవనివ్వండి, గడ్డం గీసుకోనివ్వండి, జడ వేసుకోనివ్వండి. పప్పులో రాళ్ళేరినా, పిల్లవాడికి లెక్కలు చెప్పినా అది కూడా వైద్యమే. పగటిపూట వీధిలో నడవనివ్వండి. ఎవరో ఏమో అనుకుంటారని నడక మానిపిస్తే, ఆ ఎవరో వచ్చి మన నడుం సరిచేయరు గదా. ఇక రోగి డాక్టరును అడగవలసింది, "ఎన్ని రోజులు రాస్తారు?" అని కాదు. "ఈ వారం నేను ఏయే పనులు చేయవచ్చు?" అని. రెండో ప్రశ్న అడిగినవాడు ఆ క్షణంలోనే సగం దారి నడిచి వచ్చినట్టు.

"ఇలా బుజ్జగిస్తే దొంగసెలవుల వాళ్ళు నెత్తికెక్కరా?" అని మా సహాధ్యాపకులొకరు నన్ను నిలదీశారు. ఆలోచించాను. దొంగసెలవు పెట్టినవాడికి కావలసింది తన జోలికి ఎవరూ రాకపోవడం. మనం ఎవరినీ పలకరించకపోతే లాభపడేది అతనే. నష్టపోయేది నిజంగా జబ్బుపడి, అనుమానానికి భయపడి, చీకట్లో నడుస్తున్న మా గుమాస్తాగారి వంటివారు. దొంగను పట్టుకునే ఆత్రంలో రోగిని పారేసుకోకూడదు.

డబ్బు అక్కరలేదని నేననడం లేదు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. ఏర్పాటులో కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజులదాకా జీతంలో 70 శాతం అందుతుంది. ఆ డబ్బు ఎన్నో ఇళ్ళలో పొయ్యి ఆరిపోకుండా కాపాడింది. సర్వీసులో వుండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తీసివేయకూడదనీ, హోదా తగ్గించకూడదనీ, చేయలేని పనినుంచి అదే జీతం మీద వేరే పనికి మార్చాలనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. ఇవి గట్టి గోడలు. కాని గోడలున్నంతమాత్రాన ఇల్లు కాదు. గుమ్మంలో నిలబడి "రండి" అనే మనిషి కూడా కావాలి.

ఇంతవరకు చదివి, 'ఇదంతా ఆఫీసర్లకు చెప్పవలసిన మాట, మనకెందుకు' అని పేజీ తిప్పబోతున్నారు కాబోలు. ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి వుందా? అయితే మీరూ ఒక యజమానే. ఆమెకు మెడికల్ లీవు లేదు, సర్టిఫికెట్ లేదు. పోయిన ఏడాది మా యింట్లో పనిచేసే ఆవిడ జ్వరంతో పదిరోజులు రాలేదు. ఆరోరోజుకే మా వీధిలో మరో మనిషిని కుదుర్చుకున్నాం. పదకొండోరోజున ఆవిడ నీరసంగా వచ్చి గుమ్మంలో నిలబడి, లోపల కొత్తమనిషిని చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోబోయింది. మా ఆవిడ పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని, "నీ పని నీదే. ఈ వారం గిన్నెలు మాత్రం తోము. బట్టలు ఆ అమ్మాయి చేస్తుంది. నీ జీతం నీకే వుంటుంది" అన్నది. నాకు ఎం.ఏ. చదివినా రాని తెలివి! షెర్‌బ్రూక్ సంగతి మా ఆవిడకు తెలియదు. ఆ ఒక్కమాటతో పని పూర్తి చేసింది.

మొన్న ఆదివారం నేను కూడా ఆ పాఠం అప్పజెప్పాను. మా సంస్కృతం లెక్చరర్‌గారు చికున్‌గున్యాతో రెండువారాలుగా సెలవులో వున్నారు. జ్వరం పోయింది గాని కీళ్ళ నొప్పులు వదలలేదట. ఫోను చేయడానికి ముందు కొంచెం తటపటాయించాను. శ్రమ పెడతానేమోనన్న ఆ పాత మర్యాద ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి నంబరు నొక్కాను.

ఎప్పుడొస్తారని అడగలేదు. ఒళ్ళెలా వుందని అడిగాను. సుద్దముక్క పట్టుకుంటే వేళ్ళు నొప్పెడుతున్నాయన్నారు. మేడమీది తరగతి కిందికి మార్చమని ప్రిన్సిపాల్‌గారితో నేను మాట్లాడతానన్నాను. బోర్డు మీద రాయడానికి ఎవరైనా విద్యార్థిని లేపుదామన్నాను. కొంచెంసేపు అటునుంచి చప్పుడు లేదు.

"స్టాఫ్ రూములో కిటికీ పక్కన నా కుర్చీ అలాగే వుందాండీ?" అని అడిగారు.

"వుందండీ. దాని మీద యెవరో గొడుగు పెట్టారు. రేపు తీయించేస్తాను" అన్నాను.

ఆయన నవ్వారు.